500 పౌండ్లకు వేలంలో ఏ స్కాచ్ సీసా కొనాలి?

మా పిన్ని కొడుకు రెడింగ్‌లో ఉంటాడు. మొన్న సంక్రాంతికి ఫోన్ చేసి, "అన్నయ్యా, ఒక 500 పౌండ్లు పక్కన పెట్టాను. వేలంలో మంచి స్కాచ్ కొందామని. ఒకరేమో మకాలన్ అంటారు, ఇంకొకరు పోర్ట్ ఎలెన్ అంటారు. నువ్వేమంటావ్?" అన్నాడు. రెండూ స్కాట్లండ్‌లోని డిస్టిలరీలు, అంటే విస్కీ తీసే కర్మాగారాలు. కొని ఏం చేస్తావని అడిగాను. "పాప 2014లో పుట్టింది కదా, దాని పెళ్లినాడు తీద్దామని. ఈలోగా రేటు పెరిగితే అదీ మంచిదే" అన్నాడు.

ఇవి రెండు వేర్వేరు కోరికలు. దాచుకుని తాగడానికి మంచి సీసా వేరు, రేటు పెరగడానికి మంచి సీసా వేరు. ఒక్కోసారి రెండూ ఒకే సీసాలో కుదురుతాయి, కానీ 500 పౌండ్ల లోపు అలా కుదరడం అరుదు. వాడికి ఆ రోజు ఫోన్‌లో గంటసేపు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. పదేళ్లకు పైగా స్కాట్లండ్ వేలాలు చూస్తున్నాను, కొంటున్నాను, కొన్నిసార్లు దెబ్బతిన్నాను కూడా.

ముందు లెక్క చూడండి. 500 పౌండ్ల దగ్గర వేలం ఆగితే మీరు కట్టేది 500 కాదు. ఆన్‌లైన్ వేలాల్లో కొన్నవాళ్ల దగ్గర కమిషన్ పది శాతం, ఆపైన తీసుకుంటారు. పది శాతమే అనుకుందాం: 50 పౌండ్లు. ఆ కమిషన్ మీద 20 శాతం వ్యాట్: ఇంకో 10. ప్యాకింగు, పంపడం ఒక 12 అనుకోండి. మొత్తం 572. రేపు అదే సీసా అమ్మాలంటే అమ్మినవాళ్ల కమిషన్ ఒకటి, జాబితాలో పెట్టే రుసుము ఒకటి ఉంటాయి. ఐదు శాతం కమిషను, దాని మీద వ్యాట్, ఐదారు పౌండ్ల రుసుము వేసుకున్నా, మీ 572 మీ చేతికి తిరిగి రావాలంటే ఆ సీసా సుమారు 615 పౌండ్లు పలకాలి. అంటే రేటు 23 శాతం పెరిగితే మీరు పెట్టిన డబ్బు మీకొస్తుంది, లాభం సున్నా. 2022 తర్వాత స్కాచ్ వేలాల్లో చాలా పేరున్న సీసాల ధరలు దిగాయి. అంతకుముందు ఎగబడి కొన్నవాళ్లు ఇప్పటికీ దాచుకునే ఉన్నారు. కాబట్టి లాభం కోసమే అయితే నా సలహా ఒక్కటే: 500 పౌండ్లతో ఈ పని చేయకండి.

పెద్ద వేలం సంస్థల్లో ఈ తేడా ఇంకా పెద్దది. 2023 నవంబరులో లండన్ సోథెబీస్‌లో మకాలన్ 1926 సీసా ఒకటి రికార్డు ధరకు పోయింది. వలేరియో అడామి గీసిన లేబుల్ దానిది. 60 ఏళ్లు పీపాలో ఉండి 1986లో సీసాల్లోకి ఎక్కిన ఆ విస్కీ మొత్తం 40 సీసాలే. సుత్తి పడింది, అంటే ఆఖరి బిడ్ ఆగింది, 17.5 లక్షల పౌండ్ల దగ్గర. కొన్నవాళ్లు కట్టింది 21.87 లక్షలు. మధ్యలో ఉన్నది సంస్థ రుసుము. మన 500కి ఆ గుమ్మం ఎక్కక్కర్లేదు. గ్లాస్గోలో 2011 నుంచి స్కాచ్ విస్కీ ఆక్షన్స్, పెర్త్‌లో 2013 నుంచి విస్కీ ఆక్షనీర్ ఇలాంటి సీసాలకే ఆన్‌లైన్ వేలాలు పెడుతున్నాయి. వేలం రోజుల తరబడి తెరిచి ఉంటుంది. చివరి రోజు సాయంత్రం ఆఖరి నిమిషాల్లో ఎవరైనా బిడ్ వేస్తే గడువు కాస్త జరుగుతుంది. మీరు గరిష్ఠంగా ఎంత ఇవ్వగలరో ముందే నమోదు చేసి పక్కకు వెళ్లిపోవచ్చు. అలా వెళ్లిపోవడమే మంచిది. చివరి పది నిమిషాలు తెర ముందు కూర్చుంటే "ఇంకో ఇరవై" అని చేయి ఆగదు. పై లెక్కలోని రుసుములన్నీ కలిపి 500 దాటకూడదంటే మీ ఆఖరి బిడ్ 435 దగ్గర ఆగిపోవాలి.

ఇక ఏది కొనాలి? వేలం జాబితా తెరిస్తే వేల సీసాలు కనబడతాయి గానీ, మన బడ్జెట్లో ఎంచుకోవాల్సినవి నాలుగు రకాలే.

మొదటి రకం, మూతపడ్డ డిస్టిలరీల సరుకు. 1980లలో స్కాట్లండ్ గోదాముల్లో అమ్ముడుపోని విస్కీ పేరుకుపోయింది. ఆ దెబ్బకు 1983లో ఐలా దీవిలో పోర్ట్ ఎలెన్, ఉత్తరాన సదర్లండ్‌లో బ్రోరా మూతపడ్డాయి. ఎడిన్‌బరోకు పడమట లిన్‌లిత్‌గోలో ఉన్న సెయింట్ మాగ్డలీన్ కూడా అదే ఏడాది ఆగిపోయింది. దాని కట్టడం ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. ఫాల్కర్క్‌లో కాలువ గట్టున ఉన్న రోజ్‌బ్యాంక్ 1993 దాకా నడిచింది. వీటిలో మూడు మళ్లీ తెరుచుకున్నాయి: బ్రోరా 2021లో, రోజ్‌బ్యాంక్ 2023లో, పోర్ట్ ఎలెన్ 2024లో. "మళ్లీ తెరిచారు కదా, ఇక పాత సీసాకు విలువ ఏముంటుంది?" అని మా తమ్ముడే అడిగాడు. కొత్త యంత్రాల్లోంచి వచ్చేది కొత్త విస్కీ. 1983కు ముందు తీసింది ఇంకో చుక్క పెరగదు. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట తీసి తాగిన ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది. అరుదు అన్న మాటకు నాకు తెలిసిన నిజమైన అర్థం ఇదే.

అదే డిస్టిలరీలోనూ అన్ని ఏళ్లూ ఒకటి కావు. బ్రోరానే తీసుకోండి. 1969 నుంచి 1973 వరకు అక్కడ పీట్ (బురదనేలల్లో తవ్వి ఎండబెట్టి కాల్చే మట్టి) పొగ బాగా పట్టించిన బార్లీతో తీశారు, ఐలా రకం విస్కీ కొరతను పూడ్చడానికి. అందుకే 1972 బ్రోరా కోసం జనం పోటీ పడతారు, 1980 ప్రాంతంలో తీసినదానికి అంత వేడి ఉండదు. 500 పౌండ్లలో 1972 బ్రోరా రాదు. పోర్ట్ ఎలెన్‌కు యాజమాన్యం 2001 నుంచి ఏటా విడుదల చేసిన సీసాలున్నాయి, వాటికీ ఆ డబ్బు చాలడం కష్టం. మీకు అందేది రోజ్‌బ్యాంక్. ఇండిపెండెంట్ బాట్లర్లు (డిస్టిలరీల పీపాలు కొని తమ పేరుతో సీసాల్లో పోసే బయటివాళ్లు) వేసిన రోజ్‌బ్యాంక్, మంచి నెలలో, తక్కువ పోటీలో దొరకొచ్చు. మూడుసార్లు స్వేదనం చేసిన తేలికపాటి విస్కీ అది, పూలవాసన, నిమ్మతొక్క. పొగ ఇష్టపడేవాళ్లు దాని జోలికి పోకండి.

రెండో రకం, అంకె వేసి ఏటేటా వచ్చే సిరీస్‌లు. మకాలన్ ఎడిషన్ సిరీస్ దీనికి మంచి ఉదాహరణ. 2015లో ఒకటో నంబరు, 2020లో ఆరో నంబరుతో ముగిసింది. రంగురంగుల పెట్టెలు. ఐదో నంబరుకు రంగుల కంపెనీ ప్యాంటోన్‌తో కలిసి ప్రత్యేకంగా ఊదారంగే తయారు చేయించారు. ఆరూ వరసగా అల్మారాలో పెడితే చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. కానీ వీటి మీద వయసు రాసి ఉండదు, తీసిన ఏడాది రాసి ఉండదు. "లిమిటెడ్ ఎడిషన్" అనడానికి చట్టంలో ఒక సంఖ్య అంటూ లేదు. 2009 స్కాచ్ విస్కీ నిబంధనలు ఓక్ పీపా 700 లీటర్లు మించకూడదంటాయి, కనీసం మూడేళ్లు అందులో ఉండాలంటాయి, 40 శాతం ఆల్కహాలు తగ్గకూడదంటాయి. "లిమిటెడ్" అంటే ఎంత అని మాత్రం ఎక్కడా చెప్పవు. వేలం జాబితాలో ఒకే నెల ఒకే ఎడిషన్ పది, పదిహేను చోట్ల కనబడితే అది అరుదు కాదని అర్థం. ఆ పరీక్ష మీరే చేయొచ్చు. ఆ సీసా పేరు వెతికి, గడిచిన ఏడాదిలో ఎన్నిసార్లు అమ్ముడైందో లెక్కపెట్టండి. నేను ఏ బిడ్ వేసేముందైనా చేసే మొదటి పని ఇదే. సెట్టు పూర్తి చేయాలన్న సరదా ఉంటే వేరే మాట. ఒక్క సీసాకే డబ్బున్నవాడు ఇటు రావద్దని నా అభిప్రాయం.

స్ప్రింగ్‌బ్యాంక్ సంగతి కొంచెం వేరు. క్యాంప్‌బెల్‌టౌన్‌లో 1828 నుంచి ఉన్న డిస్టిలరీ. తమకు కావలసిన బార్లీ అంతా తమ డిస్టిలరీ గచ్చు మీదే మొలకెత్తించుకుంటారు, పార తిరగేస్తూ. తక్కువ తీస్తారు, షాపుల్లో దొరకదు, లాటరీలు పెట్టి అమ్ముతారు. అందుకే మామూలు పదేళ్ల సీసా కూడా వేలంలో షాపు ధర దాటి పోతుంటుంది. షాపులో వస్తే కళ్లకద్దుకుని తీసుకోండి. వేలంలో మాత్రం షాపు ధరకు రెండింతలు పెట్టి పదేళ్లది కొనకండి, అది వచ్చే ఏడూ వస్తుంది. వాళ్లే "లోకల్ బార్లీ" పేరుతో వేసే సీసా వేరు: ఏ పొలం, ఏ రకం గింజ అని లేబుల్ మీదే రాస్తారు. అది కొన్నందుకు నేను ఎప్పుడూ బాధపడలేదు.

మూడో రకం, కొత్త డిస్టిలరీల మొదటి విడుదలలు. ఫైఫ్ ప్రాంతంలో ఒక రైతు కుటుంబం నడిపే డాఫ్ట్‌మిల్ 2005 చివర్లో మొదలైంది. పొలం పని లేని కాలంలోనే విస్కీ తీస్తారు. పన్నెండేళ్లు ఆగి 2018లో తొలిసారి 629 సీసాలు అమ్మారు. ఆ ఓపిక చూసి నాకు వాళ్ల మీద గౌరవం. కానీ తొలి విడుదల అన్నదే విలువగా నడిచే సీసాలు చాలా ఉన్నాయి, మూడేళ్ల విస్కీకి అందమైన పెట్టె తొడిగినవి. మొదటి నెల పోటీ సద్దుమణిగాక ధర దిగడం మామూలు. ఆ ఊరితో అనుబంధం ఉంటేనే కొనండి.

నాలుగోది నాకు ఇష్టమైనది, ఇండిపెండెంట్ బాట్లర్ల సింగిల్ కాస్క్ సీసాలు, అంటే ఒకే పీపాలోంచి నింపినవి. వీళ్లు డిస్టిలరీల దగ్గర పీపాలు కొని, తమ పేరుతో సీసాల్లో పోస్తారు. అబర్డీన్‌లో 1842లో మొదలై ఇప్పుడు క్యాంప్‌బెల్‌టౌన్ నుంచి నడిచే క్యాడెన్‌హెడ్ వీరిలో పాతది. ఎల్గిన్‌లోని గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ 1895 నాటిది. బయటి డిస్టిలరీల నుంచి కొత్త విస్కీ పీపాల్లో నింపడం 2024 నుంచి మానేస్తామని 2023లో ప్రకటించారు. వాళ్ల గోదాముల్లో ఉన్నది ఉన్నంతకాలమే. సిగ్నేటరీ 1988లో మొదలైంది. లీత్‌లో 1983లో పుట్టిన స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ డిస్టిలరీ పేరుకు బదులు అంకె వేస్తుంది: 33 అంటే ఆర్డ్‌బెగ్, 29 అంటే లాఫ్రోయిగ్, 27 అంటే స్ప్రింగ్‌బ్యాంక్. ఆ అంకె పక్కన చుక్క పెట్టి వేసే రెండో అంకె ఎన్నో పీపానో చెబుతుంది. పేరు లేదు కాబట్టి పేరు చూసి కొనేవాళ్లు తప్పుకుంటారు, రేటు కాస్త అందుబాటులో ఉంటుంది.

ఇలా పేరు దాచడంలో మనకు పనికొచ్చే రహస్యం ఇంకోటుంది. బాల్వేనీ డిస్టిలరీ పీపాలో ఇంకో డిస్టిలరీ గ్లెన్‌ఫిడిక్ విస్కీ ఒక చెంచా కలిపితే చట్టం దాన్ని సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీ మాల్ట్ విస్కీ) అననివ్వదు, బాల్వేనీ అనీ అననివ్వదు. బయటివాళ్లకు పీపాలు అమ్మినా తమ పేరు వాడకుండా డిస్టిలరీలు చేసుకున్న ఏర్పాటు అది. ఆ సరుకు "బర్న్‌సైడ్" పేరుతో వస్తుంది. ఆర్క్‌నీ దీవుల పేరుతో, డిస్టిలరీ పేరు లేకుండా వచ్చేవాటిలో ఎక్కువ అక్కడి హైలాండ్ పార్క్ డిస్టిలరీవి. నాలుకకు తేడా తెలియదు, జేబుకు తెలుస్తుంది. అమ్మేటప్పుడు మాత్రం పేరు లేకపోవడం మీకూ అడ్డే, అది గుర్తుంచుకోండి.

సింగిల్ కాస్క్ లేబుల్ దగ్గరగా చదవండి. తీసిన తేదీ, సీసాలో పోసిన తేదీ, పీపా నంబరు, ఏ రకం పీపా, ఎన్ని సీసాలు వచ్చాయి, వాటిలో మీది ఎన్నోది, ఇవన్నీ ఉంటాయి. రెండు మూడొందల సీసాలు అని ఉంటే అది నిజంగా అంతే, ఎందుకంటే పీపా అంతే. పుట్టిన ఏడాది సీసా వెతికే తల్లిదండ్రులకు ఇంతకన్నా సూటి దారి లేదు. కంపెనీ సొంత సీసాల్లో ఏడాది వేసేది కొద్దిమందే. బాల్‌బ్లెయిర్ వేసేది, 2019లో మానేసింది. "2014" అని కనబడగానే కొనేయకండి, అది సీసాలో పోసిన ఏడాది కూడా కావచ్చు. 2014లో పోసిన పన్నెండేళ్ల విస్కీ 2002 నాటి సరుకు, ఇంకా ముందుదైనా కావచ్చు. విస్కీ వయసు పీపాలోనే, సీసాలోకి వచ్చాక ఒక్క రోజు కూడా పెరగదు.

రకం నిర్ణయించుకున్నాక కూడా ఆ ఒక్క సీసాను చూడాలి. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. కొన్నేళ్ల కిందట 1980ల నాటి 75 సెంటీలీటర్ల సీసా ఒకటి కొన్నాను. ఫోటోలో లేబుల్ మెరిసిపోతోంది. విస్కీ మట్టం ఉండాల్సిన చోట, మెడ దగ్గర, లోహపు రేకు తొడుగు కిందికి జారి ఉంది. అది దాచిందో, నేను చూడలేదో. పెట్టె తెరవగానే లోపలి కాగితం తడిగా తగిలింది, తియ్యటి వాసన. మట్టం భుజం కిందకు దిగింది. తొడుగు విప్పితే కార్కు వేలి కింద పిట్టు పిట్టుగా రాలింది. ఆ వేలం సంస్థకు రాస్తే, "ఉన్నది ఉన్నట్టు అమ్ముతాం అని షరతుల్లో ఉంది" అని జవాబు. షరతుల్లో నిజంగానే ఉంది.

అప్పటి నుంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని తీసిన ఫోటో అడగకుండా 100 పౌండ్లు దాటను. మట్టం మెడలో ఉంటే మంచిది. పాత సీసాకు భుజం పైభాగం దాకా దిగినా ఒప్పుకోవచ్చు, ధర తగ్గాలి. భుజం మధ్యకు దిగితే వదిలేయండి, లోపల ఆల్కహాలు కూడా తగ్గి ఉండొచ్చు. లేబుల్‌కు చిన్న చిరుగు నాకు అభ్యంతరం కాదు, ఆ చిరుగు వల్లే కొన్ని మంచి సీసాలు నా దాకా వచ్చాయి.

నకిలీల భయం 500 పౌండ్ల దగ్గర తక్కువే కానీ లేకపోలేదు. స్విట్జర్లాండ్ సెయింట్ మోరిట్జ్‌లో ఒక హోటల్లో 2017లో మకాలన్ 1878 అని రెండు సెంటీలీటర్లు పది వేల స్విస్ ఫ్రాంకులకు ఒక్క ఫ్రాంకు తక్కువకు అమ్మారు. పరీక్ష చేస్తే 1970ల తొలినాళ్ల మామూలు బ్లెండ్ (వేర్వేరు విస్కీలు కలిపినది) అని తేలింది. మరుసటి ఏడాది అరుదైన విస్కీల ధరలు విశ్లేషించే సంస్థ రేర్ విస్కీ 101 వాళ్లు 55 అరుదైన సీసాలను ఈస్ట్ కిల్‌బ్రైడ్ ప్రయోగశాలలో కార్బన్ పరీక్షకు పంపితే, 21 లేబుల్ చెప్పిన కాలానివి కావని తేలింది. 1950లలో అణుపరీక్షలు గాలిలోకి వదిలిన కార్బన్ ఆ తర్వాత పండిన బార్లీలో ఉంటుంది, అదే పట్టించింది. మన స్థాయిలో చేయగలిగింది: పందొమ్మిదో శతాబ్దం అన్న సీసా జోలికి పోకపోవడం, 75 సెంటీలీటర్ల కాలపు సీసా మీద 70 రాసి ఉంటే ఆగి ఆలోచించడం. ఐరోపాలో 70కి మారింది 1990 ప్రాంతంలో.

హైదరాబాద్, విజయవాడ తీసుకెళ్లి దాచుకుందామనుకునేవాళ్లకు ఒక మాట. విమానంలో మనిషికి సుంకం లేకుండా రెండు లీటర్లు. 70 సెంటీలీటర్లవి రెండు పడతాయి, మూడోది పెడితే 2.1 లీటర్లు. ఆపైన సుంకం కట్టాలి. స్కాచ్ మీద 150 శాతం దిగుమతి సుంకాన్ని ముందు 75కి, పదేళ్లలో 40కి తగ్గించే ఒప్పందం మీద భారత్, బ్రిటన్ 2025 జులైలో సంతకాలు చేశాయి. కానీ లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం మన రాష్ట్రాల్లో నేరం. ఎప్పటికైనా వేలంలో అమ్మే ఆలోచన ఉంటే సీసా బ్రిటన్‌లోనే ఉండనివ్వండి. తాగేదైతే తీసుకెళ్లండి. ఎక్కడైనా నిలబెట్టే ఉంచాలి. వైన్‌లా పడుకోబెడితే విస్కీ ఘాటుకు కార్కు చెడిపోతుంది. ఎండ తగలకూడదు. ఏప్రిల్, మే నెలల్లో అటక మీద పెట్టకండి, లోపలి గదిలో బట్టల బీరువా అడుగు నయం. మూత చుట్టూ పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) రెండు చుట్లు సాగదీసి చుడితే ఆవిరి తగ్గుతుంది.

మా తమ్ముడు మూడు నెలలు జాబితాలు చూశాడు. మొదటి నెల మకాలన్ ఎడిషన్ ఒకటి దాదాపు కొనేశాడు, లెక్కపెట్టమన్నాను. ఆ నెలలోనే పద్దెనిమిది కనబడ్డాయట. చివరికి 2014లో తీసిన కల్ ఈలా (ఐలా దీవిలోని డిస్టిలరీ), ఒకే పీపాది, నీళ్లు కలపకుండా పోసింది, 95 పౌండ్లకు తగిలింది. తర్వాతి నెల అదే పీపా నంబరుది ఇంకొకటి వస్తే అదీ తీసుకున్నాడు. ఒకటి దాచడానికి, ఒకటి ఈ దసరాకు నేను వెళ్లినప్పుడు తీయడానికి. దాచే సీసా పెట్టె మీద పాప తన చేత్తో పేరు, పుట్టినరోజు రాసిందట. లేబుల్ మీద మాత్రం పెన్ను పెట్టనివ్వలేదని చెప్పాడు.